నాలుగో మాట

"రేపు నువ్వు మాట్లాడటం లేదు. దెయాన్ మాట్లాడతాడు."

ప్రొఫెసర్ రాలిన్ ఆ మాట అనేసి చిక్కుడుగింజల సూపులో రొట్టెముక్క ముంచుకున్నాడు. ఉప్పు ఇలా అందుకో అన్నంత మామూలుగా అన్నాడు.

జోర్నిత్సా గోడకి ఆనుకుని నిలబడే ఉంది. పొద్దుట్నుంచీ ఆదివారమంతా అలాగే గడిచింది. ఆమె సోమవారం నగరసభలో చెప్పవలసిన ఉపన్యాసం మొదలుపెట్టడం, 'అంటే' అనో 'మరి' అనో నోరు జారగానే తండ్రి చెంచాతో గ్లాసు మీద టంగుమని కొట్టడం, ఆమె మళ్ళీ మొదటికి రావడం. బల్ల మీద ఆమె సూపు చల్లారి మీగడ కట్టింది.

"కొండని కొలిచింది నేను నాన్నా," అంది.

"కొలిచావు. కాదన్నానా? కొలవడం వేరు, చెప్పడం వేరు. ముప్పయ్యేళ్ళు ఇంజనీర్లకి నేర్పింది అదే. వంతెన్ని నిలబెట్టేది ఇనుము కాదు తల్లీ, దాని గురించి సభలో మాట్లాడినవాడి గొంతు. నీకు గొంతు లేదు. పొద్దుట్నుంచి వింటున్నాను. నూతిలో పడ్డ పిల్లి నయం."

జోర్నిత్సా భర్త వైపు చూసింది. దెయాన్ రొట్టె తుంచుతున్నాడు. తుంచిన ముక్కల్ని మళ్ళీ తుంచుతున్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"శుక్రవారం మన ఆఫీసు డైరెక్టరు ఫోన్ చేశాడు."

"నీకా?"

"మావయ్యగారికి. మనిద్దర్లో ఎవరు మాట్లాడాలో ఆయన్నే తేల్చమన్నాడు. తర్వాత నాకు."

"నాకెవరూ చెయ్యలేదేం?"

ప్రొఫెసర్ నవ్వాడు. "చేస్తే ఏం చెబుతావు? ఫోన్లో కూడా నువ్వు ఊపిరి పీల్చుకునేలోపు అవతలివాడు పెట్టేస్తాడు." ఇలా అని అల్లుడికేసి తిరిగాడు. "లే. ఒకసారి చెప్పి చూపించు."

దెయాన్ లేచాడు. కాలరు సర్దుకున్నాడు. ఇల్లరికం వచ్చిన అల్లుడంటే ఆ నదీతీరపు ఊళ్ళో పెంపుడు కుక్కకన్నా ఒక మెట్టు కిందే లెక్క. ఆ మాట మామగారు నోటితో ఎన్నడూ అనలేదు, కానీ ఏడేళ్ళలో ఏ రోజూ మరిచిపోనివ్వలేదు. అలాంటి మనిషిని ఇవాళ బల్ల తలవైపు నిలబెట్టి, తన గ్లాసులోంచి స్వయంగా రకియా సారా పోసి ఇచ్చాడు.

"అమ్మలారా, అయ్యలారా!" దెయాన్ గొంతు సన్నగా మొదలై గది నిండా పరుచుకుంది. "మన కొండకి దాహం ఎక్కువైంది. తాగకూడని నీళ్ళు తాగింది. దాన్ని కొట్టనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు. తాగింది కక్కిస్తే చాలు."

ప్రొఫెసర్ చప్పట్లు కొట్టాడు. "అదీ! మొదటి వాక్యం ముసలమ్మకి కూడా అర్థం కావాలి. ఇప్పుడు జనం నీ చేతిలో ఉన్నారు. ఆ తర్వాత?"

"మూడు సంగతులు చెబుతాను. కొండలో నీళ్ళు ఎక్కడ చేరాయో మొదటిది. వాటిని బయటికి లాగే కాలువలు రెండోది. కింద కట్టే అడ్డుగోడ మూడోది."

"నాలుగు," అంది జోర్నిత్సా.

చెంచా గ్లాసుకి తగిలింది.

"నాలుగు నాన్నా! కాలువలు పూర్తయ్యేదాకా పై వరస ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. అది లేకపోతే... లేకపోతే తతిమ్మా మూడూ..."

టంగ్. "వాక్యం పూర్తి చెయ్యి."

"తతిమ్మా మూడూ ఎందుకు?"

"మనిషి బుర్రలో మూడుకి మించి నిలవవు. నాలుగోది చెప్పావంటే మొదటిది జారిపోతుంది. ఇది నా సూత్రం కాదు, మనిషి పుర్రె సూత్రం."

"అయితే గోడ తీసెయ్యండి. ఖాళీ చెయ్యమన్నది మొదట పెట్టండి. ముఖ్యమైనది మొదట చెప్పాలని మీరేగా నేర్పారు!"

ప్రొఫెసర్ చెంచా కింద పెట్టి, తుడుపుగుడ్డతో మూతి ఒత్తుకున్నాడు. చాలా శాంతంగా మాట్లాడాడు.

"ఎన్నికలు దగ్గరకొచ్చాయి. ఖాళీ చెయ్యమంటే మేయరు లేచి వెళ్ళిపోతాడు. మేయరు లేస్తే కాలువా లేదు, గోడా లేదు. వినేవాడికి ఏం కావాలో తెలుసుకుని మాట్లాడేవాడే ఇంజనీరు. తనకి తెలిసిందంతా కక్కేసేవాడు గుమాస్తా. నువ్వు గుమాస్తావి. మీ అమ్మా అంతే, పోయేదాకా అంతే. ఇక కూర్చో, సూపు చల్లారింది."

జోర్నిత్సా కూర్చోలేదు. పడగ్గదిలోకి వెళ్ళి మంచం అంచున చతికిలబడింది.

చాలాసేపటికి దెయాన్ వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"అక్కడ మీ అమ్మ ఉంది," అందామె.

వ్రానా బైర్ కొండవాలు మీద పై వరసలో, నదిలోకి చూసే ఇల్లు అత్తగారు స్తాంకాది. దెయాన్ పుట్టింది ఆ ఇంట్లోనే. రేవులో మూటలు మోసిన తండ్రి ఒక్కో రాయీ తెచ్చి కట్టిన ఇల్లు అది.

"మా అమ్మ సంగతి నేను చూసుకుంటాను."

"ఎలా చూసుకుంటావు?"

"వసంతంలో కాలువల పని మొదలవుతుంది."

"వసంతం కంటే ముందు వానలున్నాయి. కొలవడానికి మనం నేలలోకి దించిన గొట్టాలు వంగిపోయాయి దెయాన్. నువ్వూ చూశావుగా! నాతో పాటు నువ్వే దీపం వేసి చూశావు. పై వరస కింద నేల కదులుతోందని మొదట అన్నది కూడా నువ్వే!"

"గొట్టాలు అంతకు ముందూ వంగాయి. కొండ నిలబడింది."

"ఈసారి నిలబడకపోతే?"

దెయాన్ గభాలున వెనక్కి తిరిగాడు. "ఏడేళ్ళు! ఈ ఇంట్లో ఏ కుర్చీలో కూర్చోవాలో కూడా అడిగి కూర్చున్నాను. మీ నాన్న స్నేహితులొస్తే 'మా జోరా భర్త' అంటాడే తప్ప నాకొక పేరుందని అనడు. ఇవాళ మొదటిసారి నన్ను చూసి చప్పట్లు కొట్టాడు. నువ్వు విన్నావా లేదా?"

"విన్నాను."

"డైరెక్టరు సంవత్సరాంతానికి దిగిపోతాడు. ఆ కుర్చీ నాకిప్పిస్తానన్నాడు మీ నాన్న."

అవతలి గదిలోంచి ప్రొఫెసర్ పిలిచాడు, "అల్లుడూ! చేతుల సంగతి చూద్దాం, రా. జేబులో పెట్టావంటే దొంగలా ఉంటావు."

దెయాన్ వెళ్ళాడు.

*

సోమవారం మధ్యాహ్నం నగరసభ హాలు కిక్కిరిసింది. వ్రానా బైర్ జనమంతా వచ్చారు. మగవాళ్ళు చర్చికి వేసుకునే కోట్లు వేసుకున్నారు. స్తాంకా ముందు వరసలో, మంచి శాలువా కప్పుకుని, ఒళ్ళో గుడ్డ కప్పిన బనిత్సా జున్నురొట్టె పళ్ళెంతో కూర్చుంది. సభ అయ్యాక కొడుకు నోట్లో ఒక ముక్క పెట్టాలని తెల్లవారకముందే లేచి చేసింది. పక్కవాళ్ళని మోచేత్తో పొడిచి, "మావాడే, మావాడే," అంటోంది.

జోర్నిత్సా చివరి వరసలో కూర్చుంది.

దెయాన్ బాగా మాట్లాడాడు. అది ఒప్పుకోక తప్పదు. కాగితం వైపు చూడలేదు. తెరమీద బొమ్మ వేసి జనానికి వీపు తిప్పి నిలబడలేదు. కొండ దాహం మాట చెప్పగానే జనం నవ్వారు. మేయరు కూడా నవ్వాడు. వాళ్ళ తాతలు రాళ్ళు మోసి కట్టిన ఇళ్ళ గురించి చెబుతున్నప్పుడు గొంతు తగ్గించాడు, వెనకవాళ్ళు ముందుకి వంగారు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. జోర్నిత్సా రెండేళ్ళపాటు బురదలో నిలబడి రాసుకున్న అంకెలు అతని నోట్లో కథలైపోయాయి. అవి వింటూ ఆమె కూడా ఒక్క క్షణం మైమరచింది. ఆ తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడు సంగతులూ అయ్యాయి. నాలుగోది రాలేదు.

అప్పుడు మధ్య వరసలోంచి త్రిఫోన్ లేచాడు. పడవ సరంగుగా చేసి మానేసిన మనిషి. స్తాంకా ఇంటి పక్కిల్లే అతనిది.

"బాబూ, అన్నీ బాగా చెప్పావు. ఒక్క సంగతి అడుగుతాను. ఈ వానలకి మేం ఇళ్ళల్లోనే ఉండొచ్చా?"

జోర్నిత్సా కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. ఇక్కడ తప్పించుకోలేడనుకుంది. అవునో కాదో చెప్పి తీరాలి.

దెయాన్ చిరునవ్వు నవ్వాడు. వేదిక దిగి రెండడుగులు త్రిఫోన్ వైపు వేశాడు.

"త్రిఫోన్ బాబాయ్, చిన్నప్పుడు మీ గోడెక్కి మీ ద్రాక్షలు దొంగిలించినవాణ్ణి నేను. ఆ గోడ నాకు తెలీదా? కాలువలు తవ్వామంటే మీ మునిమనవలు కూడా అదే గోడెక్కి, అవే ద్రాక్షలు దొంగిలిస్తారు!"

హాలంతా గొల్లుమంది. చప్పట్లు మొదలయ్యాయి. త్రిఫోన్ కూడా నవ్వాడు, కానీ కూర్చోలేదు. "అది సరే, కాలువలు తవ్వేలోపు..." అని ఏదో అనబోయాడు.

స్తాంకా వెనక్కి తిరిగి అతన్ని కసిరింది. "కూర్చో ముసలాడా! మావాడు చెప్పాడు కదా! చెవుల్లో నది నీళ్ళున్నాయా?"

త్రిఫోన్ కూర్చున్నాడు.

జోర్నిత్సా లేచింది. ఎందుకు లేచిందో కాళ్ళకి తెలుసు, నోటికి తెలీదు. వరసల మధ్య నడిచి మైకు దగ్గరికి వచ్చింది. చప్పట్లు సద్దుమణిగాయి. అన్ని మొహాలూ ఆమెవైపు తిరిగాయి. ముందు వరస చివర్లో తండ్రి మొహం.

"పై వరస," అంది. మైకు కీచుమంది. "పై వరస... ఇళ్ళు... అంటే..."

తండ్రి చేతిలో చెంచా లేదు. వేలు పెదవి మీద పెట్టుకుని వింటున్నాడు, అంతే. ఆ వేలు చాలు. డాక్టరేటు పరీక్షనాడూ ఇలాగే జరిగింది. పదేళ్ళ వయసులో చుట్టాల ముందు పద్యం చెప్పమన్ననాడూ ఇలాగే. నాలుక నోటిలో ఉంది, మాటలు బుర్రలో ఉన్నాయి, మధ్య దారి మూసుకుపోయింది.

ఎవరో కిసుక్కున నవ్వారు.

ప్రొఫెసర్ నెమ్మదిగా లేచి వచ్చాడు. కూతురి భుజం చుట్టూ చెయ్యి వేశాడు. మైకు తనవైపు తిప్పుకున్నాడు. గొంతులో తేనె.

"మన్నించండి. మా అమ్మాయికి చిన్నతనం నుంచీ నరాల బలహీనత. పని మాత్రం బంగారంలా చేస్తుంది. పదిమందిలో నిలబడితే ఇదిగో, ఇలా. తండ్రిగా నాకిది కొత్త కాదు. దయచేసి ఒక్కసారి చప్పట్లు కొట్టి ధైర్యం చెప్పండి."

జనం జాలిగా చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లలో జోర్నిత్సా బయటికి నడిచింది. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "పాపం, పిచ్చిదా ఏమిటి?" అనడం వినిపించింది. "చదువెక్కువై అలా అయిందట," అంది ఇంకో గొంతు. మూడో గొంతుని ఆమె గుర్తుపట్టింది. అది స్తాంకాది. "మావాడి ఖర్మ!"

*

వ్రానా బైర్‌కి వెళ్ళే బస్సు కొండ మొదట్లో ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మెట్లు. జోర్నిత్సా సభ దగ్గర్నుంచి నది ఒడ్డుకి వెళ్ళి, ఎంతసేపు కూర్చుందో తెలియకుండా కూర్చుని, అటునుంచి బస్సెక్కింది. మెట్లెక్కుతుంటే చినుకులు మొదలయ్యాయి. ఇంకా వెలుతురుంది. వాలు పొడుగునా ఇళ్ళలోంచి కాలుతున్న మిరపకాయల వాసన వస్తోంది. చలికాలానికి కారం లేని పెద్ద ఎర్ర మిరపపండ్ల పచ్చడి సీసాలకెత్తే రోజులవి.

స్తాంకా అప్పటికే ఇల్లు చేరింది. మంచి శాలువా మేకుకి తగిలించి, చేతులు మోచేతుల దాకా ఎరుపు చేసుకుని, కాల్చిన పండ్ల తొక్కలు ఒలుస్తోంది. బనిత్సా పళ్ళెం బల్లమీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది.

"వాడు రాలేదు," అంది కోడల్ని చూడగానే. "మేయరుతో విందుకి వెళ్ళాడు. నేను పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. 'తర్వాత అమ్మా, తర్వాత' అన్నాడు. సరేలే, పెద్దవాడయ్యాడు. ఇంతకీ నువ్వెందుకొచ్చావు?"

జోర్నిత్సా తలుపు మూయబోయింది. అది మూసుకోలేదు. పై మూల చట్రంలో ఇరుక్కుంది.

"బలంగా నెట్టు. ఈ ఏడు రెండుసార్లు చెక్కించాను. మళ్ళీ పట్టేస్తోంది."

"తలుపు ఉబ్బలేదు అత్తయ్యా. చట్రం వంకర పోయింది. ఇల్లు... ఇల్లు జరుగుతోంది."

"మొదలెట్టావా?"

"మీరు ఇవాళే బయలుదేరాలి. ఈ వరస మొత్తం. కొండ లోపల నీళ్ళు నిండాయి. ఇప్పుడీ వాన పడితే..." ఆగింది. ఊపిరి తీసుకుంది. ఎదురుగా ఒక్క మనిషే ఉంది, చేతులకి మిరపపండు గుజ్జు పూసుకున్న ముసలి మనిషి. మాట నెమ్మదిగానే అయినా వచ్చింది. "వాన పడితే నేల కింద పొర సబ్బులా జారుతుంది. పైనున్నదంతా దాంతోపాటు నదిలోకి పోతుంది. ఎప్పుడంటే చెప్పలేను. ఇవాళ కావచ్చు, నెలకి కావచ్చు. కానీ ఇక్కడ ఉండకూడదు."

స్తాంకా చెయ్యి ఆపకుండా వింది. ఒక పండు ఒలిచి గిన్నెలో వేసింది. ఇంకోటి తీసుకుంది.

"అయిందా?"

"అయింది."

"చూడు పిల్లా. ఇవాళ ఊరంతా కూర్చున్నచోట నా కొడుకు నోరు తెరిచాడు. మేయరు చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత నువ్వు నోరు తెరిచావు. నేను సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఈ బనిత్సా పళ్ళెంలో పెట్టుకున్నాను. ఇప్పుడు నన్నెవరిని నమ్మమంటావు?"

"కొండని కొలిచింది నేను."

"కొలిచావులే! నీకు కొండలు కొలవడం వచ్చు. మొగుడికి అన్నం పెట్టడం రాదు, కడుపు పండించుకోవడం రాదు, నలుగురిలో నాలుగు మాటలు కలపడం రాదు. మీ నాన్న నా కొడుకుని కొనుక్కున్నాడు. ఏడేళ్ళుగా ఆ ఇంటి గడప నేను పట్టుమని పదిసార్లు తొక్కలేదు. కాఫీ ఇచ్చి, గడియారం వంక చూస్తారు. ఒక్క రాత్రి, ఒకే ఒక్క రాత్రి 'ఉండమ్మా' అన్నవాళ్ళు లేరు. ఇప్పుడు నాకు మిగిలింది ఈ ఇల్లు. దీన్ని కూడా ఖాళీ చెయ్యమని చెప్పడానికొచ్చావా?"

అందులో అబద్ధమేమీ లేదు. గడియారం వంక చూసినవాళ్ళలో తనూ ఉంది.

కోటు విప్పింది. చేతులు కడుక్కుని, అత్తగారి పక్కన కూర్చుని మిరపపండొకటి తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"మీరు కదలకపోతే నేనూ కదలను."

స్తాంకా ఒకసారి ఎగాదిగా చూసింది. ఇద్దరూ ఒలిచారు. పెంకుల మీద వాన చప్పుడు పెరిగింది.

బల్లమీద ఫోన్ మోగింది. జోర్నిత్సా చేతులు రెండూ గుజ్జుతో ఉన్నాయి. మోచేత్తో నొక్కి స్పీకర్ పెట్టింది.

"ఎక్కడ తగలడ్డావు?" దెయాన్ గొంతు. వెనక గ్లాసుల చప్పుడు, నవ్వులు. "మీ నాన్న మండిపడుతున్నాడు. మేయరు భార్య నిన్ను అడిగింది, నేనేం చెప్పను?"

"మీ అమ్మ దగ్గరున్నాను."

గ్లాసుల చప్పుడు దూరమైంది. తలుపు వేసిన చప్పుడు.

"ఎక్కడ? కొండ మీదా? నీకు మతుందా? ఈ వానలోనా? లే. వెంటనే బయటికొచ్చెయ్. మెట్ల వైపు రాకు, వెనక దారిన రా. వింటున్నావా జోరా? ఒక్క నిమిషం కూడా ఉండకు ఆ ఇంట్లో!"

స్తాంకా చేతిలో పండు గిన్నెలోకి జారింది.

"ఎందుకురా?" అంది.

స్తాంకా ఫోన్ మీదికి వంగింది.

"నేనే, అమ్మని. ఎందుకు ఉండకూడదు?"

"అమ్మా... నువ్వు వింటున్నావా? ఏం లేదమ్మా. మెట్లు తడిసుంటాయి. జోరాకి అలవాటు లేదు కదా, కాలు జారుతుందేమోనని..."

అప్పటికి అతని గొంతు మళ్ళీ మామూలైపోయింది. సభలో విన్న గొంతే, నున్నగా, వెచ్చగా. స్తాంకా ఆ ఫోన్‌ని నూతిలోకి తొంగిచూస్తున్నట్టు చూస్తోంది.

"మెట్లు తడిసుంటే లోపలుండమనాలి. బయటికి రమ్మంటావేం?"

"అమ్మా, నేను తర్వాత అన్నీ చెబుతాను. ఇప్పుడు జోరాతో పాటు నువ్వూ రా. ఈ రాత్రికి మా ఇంట్లో పడుకుందువుగాని. మంచం వేయిస్తాను."

స్తాంకా మొహంలో రంగు పోయింది. జోర్నిత్సా ఆ మొహం చూడలేక తల తిప్పుకుంది. ఏడేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. వచ్చింది.

"మీ ఇంట్లో పడుకోమంటున్నావు," అంది స్తాంకా మెల్లిగా. "నన్ను."

"అవునమ్మా."

"ఇవాళ నువ్వు సభకి వెళ్ళేటప్పుడు తెలుసా నీకు? ఇక్కడ ఉండకూడదని?"

వాన చప్పుడు. అవతల ఎవరో తలుపు తెరిచి, "దెయాన్, రావయ్యా, నీ ఆరోగ్యానికే తాగుతున్నాం!" అన్నారు. అది ప్రొఫెసర్ గొంతు. దెయాన్ ఆయనకీ జవాబు చెప్పలేదు, తల్లికీ చెప్పలేదు.

స్తాంకా ఎర్రటి వేలితో నొక్కి ఫోన్ ఆపేసింది.

జోర్నిత్సా లేచి మేకుకున్న శాలువా తీసింది. "పదండి అత్తయ్యా."

"కూర్చో."

"విన్నారుగా!"

"విన్నాను. కూర్చోమన్నానా!"

అప్పుడే ఎవరో తలుపు తోశారు. అది సగం తెరుచుకుని ఇరుక్కుపోయింది. ఆ సందులోంచి త్రిఫోన్ మొహం, టోపీ అంచునుంచి నీళ్ళు కారుతూ కనిపించింది.

"స్తాంకా, మా పెరట్లో నేల నోరు తెరిచింది. చెయ్యి దూరేంత. మా ఆవిడ మూటలు కడతానంటోంది. నేనే ఆపి వచ్చాను. ఉండొచ్చనే కదా మీవాడు చెప్పింది? నాకు సరిగ్గా వినపడలేదు. నువ్వు ముందు వరసలో ఉన్నావు కదా, నువ్వు చెప్పు."

స్తాంకా చేతులు గౌనుకి తుడుచుకుంది. కోడలి వైపు చూసింది. ఆ చూపులో ఏముందో జోర్నిత్సాకి తెలియలేదు. కొడుకు పరువు కాపాడే అబద్ధం ఒకటి ఆ పెదవుల మీదికి వచ్చి నిలబడటం మాత్రం కనిపించింది.

"వాడలా అనలేదు త్రిఫోనూ," అంది స్తాంకా చివరికి. "నేను బాగానే విన్నాను. ఉండమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. వాడేమీ అనలేదు. చప్పట్లు మనమే కొట్టాం."

త్రిఫోన్ నోరు తెరుచుకుని చూశాడు.

"నిలబడతావేం? మూటలు కట్టుకోమను మీ ఆవిణ్ణి. కింద ఇళ్ళవాళ్ళకీ చెప్పు. పై ఇళ్ళ తలుపులు ఈ పిల్ల కొడుతుంది." కోడలి చేతిలోంచి శాలువా లాక్కుని ఆమె భుజాల మీదే కప్పింది. అంత మోటుగా కప్పింది, కొట్టినట్టే ఉంది. "వెళ్ళు. నాకు చెప్పినట్టే చెప్పు. ఒక్కొక్కళ్ళకి."

"మరి మీరు?"

స్తాంకా మళ్ళీ బల్లముందు కూర్చుంది. గిన్నె దగ్గరకి లాక్కుంది.

"వాణ్ణి రానీ. వాడొచ్చి, ఇక్కడ, ఈ కప్పు కింద నిలబడి, 'అమ్మా, నాకు తెలుసు' అని నా మొహం మీద చెప్పేదాకా నేను ఈ కుర్చీలోంచి లేవను."

"అత్తయ్యా, అతను రాకపోతే?"

స్తాంకా ఒక మిరపపండు తీసుకుని తొక్క ఒలవడం మొదలుపెట్టింది. నెత్తిమీద దూలం కిర్రుమంది. జోర్నిత్సా ఇరుక్కుపోయిన తలుపు సందులోంచి వానలోకి దూరి, మొదటి ఇంటివైపు పరిగెత్తింది.